ముందు కళ్లకు నేర్పండి, తర్వాత చేతులకు

మన హిందూపురం, పెనుకొండ వైపు బండి నేర్పే పద్ధతి అందరికీ తెలిసిందే. ఆదివారం పొద్దున అన్నో మామో కుర్రాణ్ణి కాలేజీ గ్రౌండుకి తీసుకెళ్తాడు. "క్లచ్ మెల్లగా వదులు, రేజ్ మెల్లగా ఇవ్వు" అని రెండు మాటలు చెప్పి వెనక కూర్చుంటాడు. బండి రెండుసార్లు ఆగిపోతుంది, మూడోసారి ముందుకు దూకుతుంది, నాలుగోసారి కదులుతుంది. సాయంత్రానికి గేర్లు పడతాయి. మరుసటి వారం పెట్రోలు కొట్టించుకు రమ్మని రోడ్డు మీదకు పంపుతారు. "మావోడికి బండి వచ్చేసింది" అని ఇంటిల్లిపాదికీ సంబరం.

వచ్చింది ఏమిటో ఒక్కసారి లెక్క చూడండి. చేతికి క్లచ్ వచ్చింది, కాలికి గేరు వచ్చింది. కళ్లకు ఇంకా ఏమీ రాలేదు. ఆగి ఉన్న ఆటో ఎప్పుడు కదులుతుంది, గొర్రెల మంద ఎటు మళ్లుతుంది, డివైడర్ సందులోంచి ఎవరు దూరి వస్తారు అన్నవి కళ్లతో నేర్చుకోవాల్సిన చదువు. ఆ చదువును మనం రోడ్డుకే వదిలేస్తున్నాం. రోడ్డు నేర్పుతుంది, కాదనను. కానీ ఫీజు రక్తంలో వసూలు చేస్తుంది.

హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడి బృందం అమెరికాలోని లాస్ ఏంజిలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను అక్కడికక్కడే వెళ్లి పరిశీలించి, 1981లో నివేదిక ఇచ్చింది. ప్రమాదాల్లో చిక్కుకున్నవాళ్లలో 92 శాతం మంది బండిని సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లే. ముప్పు మొదలైన క్షణం నుంచి ఢీకొనేదాకా వాళ్లకు దొరికిన సమయం సాధారణంగా రెండు సెకన్ల లోపే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ రెండు సెకన్లలో బండి 33 మీటర్లు పోతుంది. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో దాదాపు 75 వేల మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవాళ్లే.

రెండు సెకన్లలో చేతులు పెద్దగా ఏమీ చేయలేవు. కళ్లు అంతకు మూడు సెకన్ల ముందే ముప్పును పసిగడితే మాత్రం చేతులకు పని తేలికవుతుంది. ఆ మూడు సెకన్లను సంపాదించుకోవడం ఎలాగన్నదే ఈ అధ్యాయం. అందుకు పనికొచ్చే సాధనం ఒకటుంది. తలకు హెల్మెట్‌లా తొడుక్కునే వీడియో తెరతో నడిచే మోటార్‌సైకిల్ సిమ్యులేటర్.

ఆ హెల్మెట్ లోపల ఏముంది?

కళ్లకు ఎదురుగా చిన్న తెరలు, వాటి ముందు కటకాలు, తల కదలికను కనిపెట్టే సెన్సర్లు ఉంటాయి. మీరు తల ఎడమకు తిప్పితే దృశ్యమూ అంతే మేర తిరుగుతుంది. తల కదలడానికీ బొమ్మ మారడానికీ మధ్య 20 మిల్లీసెకన్లకు మించి ఆలస్యం ఉండకూడదని ఈ రంగంలో ఒక లెక్క. అంతకు మించితే కడుపులో తిప్పడం మొదలవుతుంది. కింద అసలు బండికి ఉన్నట్టే హ్యాండిలు, క్లచ్, బ్రేకులు, గేరు పెడల్ ఉన్న చట్రం ఉంటుంది. ఖరీదైన వాటిలో ఆ చట్రం మోటార్ల సాయంతో పక్కలకు వాలుతుంది కూడా.

ఈ ఆలోచన నిన్నమొన్నటిది కాదు. మోర్టన్ హీలిగ్ అనే అమెరికన్ సినిమా మనిషి 1962లో 'సెన్సొరామా' అనే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అందులో తల దూర్చి కూర్చుంటే న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వీధుల్లో మోటార్‌సైకిల్ మీద పోతున్న అనుభూతి కలిగేది. సీటు అదిరేది, మొహానికి గాలి కొట్టేది, వీధి వాసనలు కూడా తగిలేవి. 1968లో ఐవాన్ సదర్లాండ్ తలకు తగిలించే కంప్యూటర్ తెరను తయారుచేశాడు. 1985లో సెగా కంపెనీ 'హ్యాంగ్ ఆన్' ఆటతో, ఒళ్లు వంచితే వాలే బండి బొమ్మను ఆటల దుకాణాల్లో నిలబెట్టింది. శిక్షణ సంగతికొస్తే హోండా కంపెనీ 1988లో పరిశోధన మొదలుపెట్టి, 1996లో జపాన్ డ్రైవింగ్ స్కూళ్లకు బండి సిమ్యులేటర్లు అందించింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. బెంగళూరులో తయారయ్యే తేజస్ యుద్ధ విమానం పైలట్లు కూడా తెర ఉన్న హెల్మెట్ పెట్టుకుంటారు. అది ఎదుట కనిపించే ఆకాశం మీదే సమాచారం చూపిస్తుంది. మనం మాట్లాడుకుంటున్న హెల్మెట్ ఎదుటి లోకాన్ని పూర్తిగా మూసేస్తుంది. కాబట్టి ఇది ఉన్నచోటి నుంచి కదలని చట్రం మీద, గదిలో మాత్రమే. తమాషాకైనా అసలు బండి మీద తొడుక్కోకూడదు.

ఏది నేర్పుతుంది, ఏది నేర్పదు

పల్లెల్లో పిల్లలకు ఈత నేర్పేటప్పుడు నడుముకు బెండు కట్టి బావిలో దింపుతారు. బెండు మునగనివ్వదు. అందువల్ల పిల్లవాడు భయం లేకుండా కాళ్లూ చేతులూ ఆడిస్తాడు. బెండు ఉన్నంతసేపూ ఈత వచ్చినట్టు కాదు, బెండు లేకుంటే నేర్చుకునే ధైర్యమూ రాదు. సిమ్యులేటర్ పని సరిగ్గా అంతే.

అది బాగా నేర్పేవి మూడు. మొదటిది చూపు తిప్పడం: దూరం, దగ్గర, అద్దం, పక్క, మళ్లీ దూరం. రెండోది ముప్పును ముందుగా పసిగట్టడం. మూడోది నిర్ణయం తీసుకునే అలవాటు: వేగం తగ్గించాలా, పక్కకు జరగాలా, ఆగాలా. ఒకే ప్రమాదాన్ని పదిసార్లు తిరగేసి చూడటం రోడ్డు మీద కుదరదు, ఇక్కడ కుదురుతుంది.

దానిలోని లోపం కూడా ఒక రకంగా మేలే. మన రెండు కళ్లకూ కలిపి అడ్డంగా దాదాపు 200 డిగ్రీల మేర కనిపిస్తుంది. ఈ హెల్మెట్లలో చాలావాటిలో కనిపించేది అందులో సగమే. పక్కన ఏముందో తెలియాలంటే తల తిప్పక తప్పదు. మలుపు తిరిగే ముందు భుజం మీదుగా వెనక్కి చూసే అలవాటు మన బండివాళ్లలో చాలామందికి లేదు. ఇక్కడ అది తనంతట తానే పడుతుంది.

నేర్పలేనివి కూడా ఉన్నాయి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో 30 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తిరిగితే బండి దాదాపు 23 డిగ్రీలు వాలుతుంది. అయినా మీరు పక్కకు పడిపోతున్నట్టు అనిపించదు, బరువంతా సీటులోకే దిగుతుంది. కదలని గదిలో చట్రాన్ని అంతే వాల్చితే పక్కకు జారిపడుతున్నట్టే ఉంటుంది. అందువల్ల బ్యాలెన్సు, మలుపులో ఒళ్లు వాల్చడం, ఇసుక మీద టైరు జారే తీరు, ముందు బ్రేకు ఎంత నొక్కితే చక్రం పట్టేస్తుందో తెలియడం, ఇవేవీ సిమ్యులేటర్ మీద రావు. వాటికి గ్రౌండూ అసలు బండే గతి. గదిలో వందసార్లు మలుపు తిరిగిన ధీమాతో పెనుకొండ కోట కొండ దారి ఎక్కకండి.

మన రోడ్ల మీద ఏం చూడాలి

సిమ్యులేటర్ ముందు కూర్చునే ముందే మీ దారిలో ఉన్న ముప్పుల జాబితా రాసుకోండి. తెర మీద ఏ దేశపు వీధి కనిపించినా, మీ కళ్లు వెతకాల్సింది వాటినే.

హిందూపురంలో: చింతపండు, మిరప లోడుతో మార్కెట్ వైపు మళ్లే లారీలు, ట్రాక్టర్లు, చెయ్యి ఊపగానే ఎక్కడంటే అక్కడ ఆగే షేర్ ఆటోలు, ఆగిన బస్సు ముందు నుంచి రోడ్డు దాటే మనుషులు. ఇక్కడ కళ్లకు నేర్పాల్సిన పాఠం ఒక్కటే, ఆగిన ప్రతి బండి వెనకా కనిపించని మనిషి ఉన్నాడనుకోవడం. ఆటో ముందు చక్రాన్ని చూడండి. ఇండికేటర్ అబద్ధం చెప్పవచ్చు, చక్రం చెప్పదు.

పెనుకొండ వైపు: హైదరాబాద్, బెంగళూరు మధ్య పోయే 44వ నంబరు జాతీయ రహదారి. ఎర్రమంచి దగ్గర ఈ రహదారి పక్కనే 2019 డిసెంబరులో కియా కార్ల ఫ్యాక్టరీ అధికారికంగా ప్రారంభమైంది. అప్పటి నుంచి షిఫ్టు మారే వేళల్లో బస్సులు, బండ్లు ఒక్కసారిగా రోడ్డెక్కుతాయి. నైట్ షిఫ్టు ముగించుకుని నిద్ర కళ్లతో వచ్చేవాళ్లూ వాటిలో ఉంటారు. అర కిలోమీటరు చుట్టు తిరగడం బద్ధకమై రాంగ్ రూటులో ఎదురొచ్చేవాళ్లు, పక్కన నిలిపిన లారీలు, వెనక లైటు లేని ట్రాక్టర్లు ఈ దారి ముప్పులు. రాత్రి పూట ఒక సూత్రం గట్టిగా పట్టుకోండి: మీ లైటు ఎంత దూరం పడుతుందో అంత దూరంలో ఆగగలిగేదే మీ వేగం.

ధర్మవరం దారిలో, పల్లె రోడ్ల మీద: కోతల కాలంలో వాహనాల కింద నలగడానికి రోడ్డు మీద పరిచిన ఉలవ కట్టె, రాగి వెన్నులు. వాటి మీద బ్రేకు నొక్కితే చక్రం జారుతుంది. ముందే వేగం తగ్గించి, హ్యాండిలు తిప్పకుండా, బ్రేకు ముట్టకుండా నేరుగా దాటాలి. గొర్రెల మంద ఎదురైతే హారన్ కొట్టకండి, కాపరి వైపు చూడండి. మంద ఎటు పోతుందో అతని కర్ర చెబుతుంది. ఎక్సెల్ మోపెడ్ మీద మేత మోపు పెట్టుకుని పోయేవాళ్లకు వెనక ఏముందో కనిపించదు. ధర్మవరం ఊళ్లో మగ్గాల వీధుల్లో ఇరుకు సందులు, గడప దాటగానే రోడ్డు, ఆడుకునే పిల్లలు.

సాధన చేసే పద్ధతి

1. ఎడమ పక్క నడిచే ట్రాఫిక్ ఉన్న సాఫ్ట్‌వేరే ఎంచుకోండి. అమెరికా రోడ్ల ఆటలు కుడి పక్క నడపడం నేర్పుతాయి. ఆ అలవాటు మనకు ప్రాణాంతకం. జపాన్, బ్రిటన్ రోడ్లు మనలాగే ఎడమ పక్కవే.

2. పందెం ఆటలు వద్దు. పడిపోగానే నవ్వుకుని మళ్లీ మొదలుపెట్టే ఆట, పడిపోతే ఏమీ కాదనే అబద్ధాన్ని మెదడుకు నేర్పుతుంది. మీ సాధనలో పడిపోతే ఆ రోజు పాఠం అక్కడితో ఆపండి. ఎందుకు పడ్డారో చెప్పగలిగాకే మళ్లీ ఎక్కండి.

3. పైకి మాట్లాడుతూ నడపండి. ప్రతి దృశ్యానికీ మూడు ప్రశ్నలు: ఏముంది? ఏం కావచ్చు? నేనేం చేస్తాను? "ఎడమ పక్క ఆటో ఉంది, కదలొచ్చు, కుడికి జరుగుతా, రేజ్ తగ్గిస్తా." మొదట్లో సిగ్గనిపిస్తుంది. నోరు ఆగిందంటే చూపు ఆగిందని పక్కనున్నవాళ్లకు తెలిసిపోతుంది. అందుకే ఒంటరిగా కాకుండా ఇద్దరు కలిసి సాధన చేయండి.

4. తప్పించుకునే దారి మీద చూపు నిలపండి. గుంతనే చూస్తూ పోతే గుంతలోనే పడతారు. కళ్లు ఎటు చూస్తే బండి అటే పోతుంది. గుంత పక్కనున్న మంచి రోడ్డును చూడటం అలవాటు కావాలి.

5. ఒక్కో విడత పది, పదిహేను నిమిషాలు చాలు. తొలి విడతలో ఖాళీ రోడ్డు, తర్వాత పగటి ట్రాఫిక్, ఆ తర్వాత వాన, చివర్లో రాత్రి. ఈ క్రమం మార్చకండి.

తల తిరిగితే

కళ్లు "కదులుతున్నాం" అంటాయి, చెవి లోపలి బ్యాలెన్సు అవయవం "లేదు, కూర్చున్నాం" అంటుంది. ఈ తగాదాలో నలిగేది కడుపు. చెమట పట్టడం, ఆవలింతలు, నోట్లో నీళ్లూరడం దీని తొలి గుర్తులు. అవి కనిపించగానే హెల్మెట్ తీసేయండి. ఓర్చుకుంటే అలవాటవుతుందనేది తప్పు. ఓర్చుకునేకొద్దీ ముదురుతుంది.

మొహానికి ఫ్యాను పెట్టుకుంటే కొంత నయం. ఖాళీ కడుపుతోనూ, భోజనం అయిన వెంటనే కూడా కూర్చోవద్దు. రెండు కటకాల మధ్య దూరం మీ కళ్లకు సరిపోయేలా సర్దుకోండి. మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. పిల్లల విషయంలో తయారీదారు చెప్పిన వయసు చూడండి. అన్నిటికంటే ముఖ్యం, సాధన అయిన వెంటనే అసలు బండెక్కి ఇంటికి బయలుదేరకండి. అరగంటైనా కూర్చోండి. తల తిరిగి ఉంటే ఆ రోజుకి ఇంకెవరి వెనకైనా కూర్చుని వెళ్లండి.

గది నుంచి గ్రౌండుకి

కళ్లు సిద్ధమయ్యాక చేతులకు పాఠం చెప్పాలి. ఖాళీ గ్రౌండు, నీళ్లు నింపిన ప్లాస్టిక్ సీసాలు, ముగ్గుపిండి ఉంటే చాలు. హెల్మెట్, బూట్లు, చేతి తొడుగులు తప్పనిసరి.

బ్రేకుతో మొదలుపెట్టండి. ముగ్గు గీత దగ్గర రెండు బ్రేకులూ కలిపి, ముందుది మెల్లగా బిగిస్తూ ఆపాలి. గంటకు 20తో మొదలుపెట్టి 30కి, 40కి పెంచండి. ఎక్కడ ఆగారో అక్కడ గీత గీయండి. బండి ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. "ముందు బ్రేకు ముట్టుకుంటే పల్టీ కొడతావు" అని పెద్దలు చెప్పే మాట చాలామందిని ఆగనివ్వకుండా చేస్తోంది.

ఈ లెక్క గోడ మీద రాసుకోండి. ముప్పు చూసి బ్రేకు నొక్కడానికి ఒక సెకను, పొడి తారు రోడ్డు, మంచి బ్రేకులు అనుకుంటే, గంటకు 40లో ఆగడానికి దాదాపు 21 మీటర్లు కావాలి. 60లో 40 మీటర్లు, 80లో 63 మీటర్లు. వేగం రెట్టింపైతే దూరం మూడు రెట్లయింది. వాన పడితే, వెనక మనిషి కూర్చుంటే, టైరు అరిగితే ఇంకా పెరుగుతుంది. ముందే చూసే కళ్ల వల్ల మిగిలేది ఆ మొదటి సెకను. 60 వేగంలో దాని విలువ 16 మీటర్ల పైమాటే.

తర్వాత ఎనిమిది ఆకారంలో తిప్పడం. ఆర్టీవో పరీక్ష కోసం కాళ్లు నేలకు ఆనకుండా తిప్పితే చాలనుకుంటాం. తిరగబోయే వైపు తల తిప్పి చూస్తూ తిప్పండి, గదిలో నేర్చుకున్న చూపు ఇక్కడ చేతుల్లోకి దిగుతుంది. ఆ తర్వాత నడిచే మనిషి కంటే మెల్లగా, కాలు దించకుండా బండిని పోనివ్వడం. మార్కెట్ వీధిలో మిమ్మల్ని కాపాడేది ఇదే.

ఎక్కడ దొరుకుతుంది? దొరక్కపోతే?

హైదరాబాద్‌తో సహా కొన్ని నగరాల్లో హోండా సహకారంతో నడిచే ట్రాఫిక్ శిక్షణ పార్కుల్లో 'రైడింగ్ ట్రైనర్' ఉంటుంది. అది హెల్మెట్ తెర కాదు, ఎదురుగా మామూలు తెర ఉంటుంది. ముప్పును పసిగట్టే పాఠానికి అదీ సరిపోతుంది. గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాల్లో సిమ్యులేటర్, ప్రత్యేక ట్రాక్ తప్పనిసరి అని 2021 జులై 1 నుంచి కేంద్రం నిబంధన తెచ్చింది. అలాంటి కేంద్రంలో శిక్షణ పూర్తిచేసి పరీక్ష గట్టెక్కినవాళ్లకు ఆర్టీవో దగ్గర మళ్లీ పరీక్ష ఉండదు. డ్రైవింగ్ స్కూలులో చేరే ముందు "సిమ్యులేటర్ ఉందా? ద్విచక్ర వాహనానికి ఉందా?" అని అడగండి. అడిగేవాళ్లు పెరిగితేనే తెచ్చేవాళ్లు పెరుగుతారు.

దొరకనివాళ్లకూ దారి ఉంది. నెమ్మదస్తుడైన చుట్టం బండి వెనక కూర్చుని, హెల్మెట్ పెట్టుకుని, మీ ఊరి నుంచి పెనుకొండ దాకా ఫోనుతో రోడ్డును వీడియో తీయండి. నడిపేవాళ్లు మాత్రం ఫోను ముట్టకూడదు. ఇంట్లో టీవీలో పెట్టి, ఎక్కడైనా ఆపి, "ఇప్పుడేం జరుగుతుంది?" అని పక్కవాణ్ణి అడగండి. జవాబు చెప్పాక ముందుకు నడపండి. బ్రిటన్‌లో 2002 నుంచి లైసెన్సు రాత పరీక్షలో ఇలాంటి వీడియోలతోనే ముప్పును పసిగట్టే పరీక్ష పెడుతున్నారు. పైసా ఖర్చు లేని సిమ్యులేటర్ ఇది. పైగా ఇందులో ఉన్నది మీ రోడ్డే.

తల్లిదండ్రులకు ఒక మాట

గేరు బండికి లైసెన్సు వయసు 18. పదహారేళ్లు నిండితే, పెద్దల అనుమతితో, 50 సీసీ లోపు గేరు లేని బండికి మాత్రమే లైసెన్సు ఇస్తారు. మైనర్‌కు బండి ఇస్తే 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకో బండి యజమానికో 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. మరి పదిహేడేళ్ల కుర్రాడి ఉత్సాహాన్ని ఏం చేయాలి? ఆ ఏడాదంతా కళ్లకు నేర్పండి. వీడియోలు చూపించండి, వీలైతే సిమ్యులేటర్ ఎక్కించండి, మీ వెనక కూర్చోబెట్టుకుని ముప్పులు చెప్పమనండి. 18 నిండాక ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) తీసుకోండి. అది ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు గడిచాక పక్కా లైసెన్సు పరీక్షకు వెళ్లవచ్చు. బండి కంటే ముందు ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్ కొనండి. కొలత సరిపోయి, కింద పట్టీ బిగించిన హెల్మెట్టే తలను కాపాడుతుంది. ట్యాంకు మీద పెట్టుకున్నది ట్యాంకునే కాపాడుతుంది.

అమెరికాలో 1934లో విమానాల్లో ఉత్తరాలు చేరవేసే పని సైన్యానికి అప్పజెప్పారు. మబ్బుల్లో, రాత్రిపూట పరికరాల మీద ఆధారపడి నడపడం రాని పైలట్లు కొన్ని వారాల్లోనే పన్నెండు మంది చనిపోయారు. ఆ తర్వాతే సైన్యం ఎడ్విన్ లింక్ తయారుచేసిన నేల మీది శిక్షణ యంత్రాలు కొన్నది. ఆ యంత్రం అప్పటికి అయిదేళ్లుగా అందుబాటులోనే ఉంది. ముందు ప్రాణాలు పోయి, తర్వాత శిక్షణ వచ్చిన ఆ క్రమం మన ఇళ్లలో తిరగబడాలి. తాళం చెవి అడిగిన పిల్లవాణ్ణి "గేర్లు వచ్చా?" అని అడగడం మానేసి, "ఈ దారిలో ముప్పు ఎక్కడెక్కడుందో చెప్పు" అని అడగండి. తడుముకోకుండా చెప్పిన రోజే తాళం ఇవ్వండి.